వాగు అవతలి ఇంగ్లీష్ పాఠం

శుక్రవారం ఉదయం ఏడు గంటలకు మా పక్కింటి ఇంగ్లీష్ టీచరమ్మ వాగు ఒడ్డున చనిపోయారు. అంబులెన్స్ వచ్చింది. వాగుకు ఇటు పక్కనే ఆగిపోయింది. వాగు అవతలి కోయ గూడెం మనుషులు ఆమెను మంచం మీద అటు ఒడ్డు దాకా మోసుకొచ్చారు. మధ్యలో గొంతు లోతు నీళ్లు. కల్వర్టు కోసమని ఎన్నికల ముందు దింపిన సిమెంటు గొట్టాలు ఇంకా గడ్డిలోనే పడి ఉన్నాయి. లక్షణాలు విని, జ్వరం మలేరియా అని డాక్టర్ చెప్పాడు. ముందు రోజు తెస్తే బతికేవారా అని అడిగాను. బతికేవారని అన్నాడు.

పాల్వంచలో మా ఇంటికీ ఆమె ఇంటికీ ఒకటే గోడ. పొద్దున్నే బస్సెక్కి, దిగి అడవిలో నడిచి, ఆ వాగు దాటి బడికి వెళ్లేవారు. వానాకాలం గూడెంలోనే ఉండేవారు. సెలవుకు ఇంటికొస్తే పేపర్లో నేను రాసిన వార్తలు చదివి నిలదీసేవారు.

"నిర్లక్ష్యం జరిగింది అంటవ్. దానంతటదే జరిగిందా తమ్ముడూ? ఎవరు చేసిండ్రో రాయవేంది?"

"రాస్తే డెస్కులో కోస్తరక్కా."

"కోస్తే కోయనియ్. నువ్వైతే రాయి."

ఒకసారి ఆ బడికి వెళ్లాను. పాఠం ముంగిట్లో నడుస్తోంది. ఒక్కో పిల్లాడు ఒక్కో మాట. ముందు కోయలో వాక్యం చెప్పించి, ఆ వరసలోనే నిలబెట్టేవారు. పని చెప్పే మాట, అంటే క్రియ, చివర. "ఇప్పుడు ఇంగ్లీష్!" అనగానే చివరి పిల్ల పరుగెత్తి మధ్యలోకి దూరాలి. కొత్తగా చేరిన పిల్ల అలవాటు కొద్దీ మళ్లీ చివరికే పోయింది. అందరూ కేకలేసి చెయ్యి పట్టి లాక్కొచ్చారు. ‘హీ’ వచ్చినా, ‘షీ’ వచ్చినా అందరికంటే చిన్నవాడు ‘ఎస్’ అయి ఆ క్రియ పిల్ల గౌను పట్టుకుని వేలాడాలి. ‘దే’ వస్తే వదిలేసి వెళ్లిపోవాలి. ఆ రోజు వాడు వదల్లేదు.

"వాళ్లొస్తే నేనెందుకు పోవాలె టీచర్?" అని ఏడ్చాడు.

"నీకు జర రెస్టు బిడ్డా. మళ్ల పిలుస్త" అని ఎత్తుకున్నారు.

"తప్పైనా గట్టిగ చెప్పుండ్రి. మెల్లగ చెప్తే నేనెట్ల దిద్దాలె?" అని పిల్లలతో అనేవారు. ఆ బడిలో గొణిగే పిల్ల ఒక్కతీ కనపడలేదు నాకు.

నిరుడు ఎండాకాలం ముందు విద్యాశాఖ అధికారి తనిఖీకి వచ్చాడు. "ఇది పాఠమా, కబడ్డీనా?" అన్నాడు.

"కబడ్డీకి గూడ రూల్స్ ఉంటయి సార్."

"బడిలో కోయ ఏందమ్మా? వీళ్లకు తెలుగే సరిగ్గ రాదు, ఇంగ్లీష్ ఎందుకు?"

"మీరు ఇంగ్లీష్ ఏ భాషల నేర్సుకున్నరు సార్?"

"తెలుగుల."

"వీళ్లు వాళ్లింటి భాషల నేర్సుకుంటున్నరు. గంతే."

ఆయన తిరిగి వెళ్లి, ఈ బడి మూసి పిల్లల్ని వాగు ఇవతలి బడిలో కలపాలని ప్రతిపాదన పంపాడు. నిర్ణయానికి ముందు ఆఖరి తనిఖీ మొన్న గురువారం పెట్టుకున్నాడు.

ఆ వారం మొదట్లోనే టీచరమ్మకు జ్వరం. అప్పటికి వాగు దాటేలాగే ఉంది. దవాఖానకు పొమ్మని గూడెం ఆడవాళ్లు బతిమాలారు. "బేస్తారం సారొస్తడు. బడికి తాళం కనపడితే అదే సాకు. సారు పోంగనే పోత" అన్నారట. బుధవారం వాన దంచింది. గురువారం చలికి వణుకుతూనే పిల్లల్ని వరసలో నిలబెట్టుకుని కూర్చున్నారు.

అధికారి జీపు వాగు దాకా వచ్చింది. ఆయన దిగి నీళ్లు చూసి, వెనక్కి తిప్పించుకుపోయాడు. శుక్రవారం మధ్యాహ్నం ఫోన్ చేసి అడిగాను.

"పొంగే వాగు ఎలా దాటమంటారండీ?" అన్నాడు.

"పిల్లలు రోజూ ఎలా దాటాలి?"

"అది పాలసీ విషయం" అని పెట్టేశాడు.

తను ఒక్కసారి దాటలేని వాగును ఆరేళ్ల పిల్లలు రోజూ దాటాలని ఈ అధికారే రాశాడు. గొట్టాలు దింపి కల్వర్టు కట్టనిది రోడ్ల శాఖ. ఎవరు చేశారో రాయమని అడిగారు కదా అక్కా, రాశాను.

శనివారం వాగు కాస్త తగ్గాక ఆ మంచం మీదే ఇటు తెచ్చి, పాల్వంచలో ఆమెను సమాధి చేశాం. గూడెం మనుషులు తడి బట్టలతోనే వచ్చారు. బడి మూత ఇంకా ఖాయం కాలేదు. సోమవారం పది గంటలకు మళ్లీ తనిఖీ ఉంది. వాగు నడుము లోతుకు తగ్గింది. ఆ మాట చెప్పి, గూడెం పెద్ద నా చేత అధికారికి కబురు పంపాడు.

"సారును ఫికర్ చెయ్యొద్దను. టీచరమ్మను మోసిన మంచం ఉన్నది. దాని మీదనే సారును గూడ మోస్తం. పాఠం పిల్లలు చెప్తరు."

తొమ్మిదింటికే నలుగురు మనుషులు ఆ మంచంతో ఇటు ఒడ్డున నిలబడి ఉంటారు.