రెండో సంచి

మా జియాలజీ సారంటే నాకిప్పటికీ ఒక్కో చేతిలో ఒక్కో సంచి పట్టుకుని, కళ్ళు మూసుకుని, త్రాసులా నిలబడ్డ మనిషే గుర్తొస్తారు.

పంతొమ్మిది వందల అరవైల చివర తార్నాకలో మావి పక్కపక్క అద్దె గదులు; సారు ఒక్కరే ఉండేవారు. వేసవి సెలవుల్లో తన చిన్న మోటార్‌సైకిల్ మీద ఊళ్లు తిరగాలని, సామాన్ల సంచి కోసం ఆయన ముషీరాబాద్ అంతా గాలించారు. రేకు పెట్టె లొడలొడలాడుతుందన్నారు. పక్కబట్టలు చుట్టుకునే హోల్డాల్ వెనక సీటంతా ఆక్రమిస్తుందన్నారు. చివరికి బండికి అటొకటి ఇటొకటి వేలాడేలా రెండు కాన్వాసు సంచులు కుట్టించారు. ఆయన సామానంతా ఒక్కదాంట్లోనే పట్టింది.

"ఒక్క దిక్కే బరువైతే బండి గుంజుతదయ్యా," అన్నారు.

"రెండోదాంట్ల రాళ్లేసుకోండ్రి సార్," అన్నాను.

"రాళ్లు క్యాంపస్‌ల రోజూ చూస్తనే ఉన్న గద," అని నవ్వి, ఇంకో పళ్ళెం, ఇంకో గ్లాసు, ఇంకో దుప్పటి కొనుక్కొచ్చారు. రెండు సంచులూ ఎత్తి చూసుకుని, "బరాబర్ ఉన్నయి," అంటూ బయలుదేరారు.

సెలవులయ్యాక తిరిగొచ్చినప్పుడు సామాను నేనే దించాను. మొదటి సంచిలోని గ్లాసు సొట్టలు పడి, టీ మరకలతో ఉంది. రెండో సంచిలోని గ్లాసుకు దుకాణంవాడు చుట్టిన కాగితం చుట్టినట్టే ఉంది.

విప్పబోతే సారు నా చెయ్యి పట్టుకున్నారు.

"ఉండనీ. మళ్ల పోతా గద," అన్నారు.