ముందుకథలంటే పడని మా ఎదురింటి బాబాయ్

మా ఎదురింటి బాబాయ్ పోయిన కబురు ఆయన ఫోన్ నుంచే వచ్చింది. "నాన్న పొద్దున పోయారు" అని, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. పోయిన మనిషి నంబరు నుంచి పోయిన కబురు వస్తే ఎవడు నమ్ముతాడు? పైగా జనాన్ని ఆటపట్టించడంలో ఆయనా నేనూ తోడుదొంగలం. ఈసారి మీ పాచిక పారదు బాబాయ్ అనుకుంటూ, చికాగో పక్కన మా షామ్‌బర్గ్ మంచులో ఉత్త చెప్పులతో రోడ్డు దాటాను. గరాజ్ తలుపు తెరిచే ఉంది. పిన్ని లోపల మెట్టు మీద కూర్చుని ఉంది.

"ఎక్కడ నక్కాడు పిన్నీ మీ ఆయన?" అన్నాను.

ఆవిడ నన్ను కిందికీ పైకీ చూసి, "బూట్లేవిరా? జలుబు చేస్తుంది" అంది.

అప్పుడు నమ్మాను. నాటకమాడే మనిషి ఎదుటివాడి కాళ్ళ వంక చూడదు. ఫ్రీమాంట్ నుంచి సెలవు పెట్టి వచ్చి ఉన్న వాళ్ళమ్మాయి, అందరి నంబర్లూ వాళ్ళ నాన్న ఫోన్‌లోనే ఉన్నాయని అందులోంచి పంపిందట. నిద్రలోనే పోయారట. అంత నెమ్మదిగా ఆయన ఏ పనీ చేయగా నేను చూడలేదు.

బాబాయ్ నాకు చుట్టం కాదు. నేను ఇంటర్ తప్పి, మా ఆవిడ వీసా తోక పట్టుకుని ఈ దేశానికి వచ్చినవాణ్ణి. ఆవిడ ఆఫీసుకి వెళ్తుంది, నేను ఇండియన్ గ్రోసరీలో కౌంటర్ దగ్గర కూర్చుంటాను. మా వీధిలో పెద్దమనుషులు "మీరెక్కడ వర్క్ చేస్తారు?" అని అడిగి, నా జవాబు వినగానే వాతావరణం గురించి మాట్లాడేవారు. ఈయన మాత్రం మేం ఇంట్లో దిగిన రోజే వచ్చి, "సినిమాలు నోరు మూసుకుని చూస్తావా, తెరుచుకుని చూస్తావా?" అని అడిగారు.

"తెరుచుకునే" అన్నాను.

"అయితే శనివారం మ్యాట్నీకి రా."

ఆయన ఇంటి బేస్‌మెంటే మా హాలు. ఓ ప్రొజెక్టరు, గోడంత తెర, ఎవరెవరో ఇల్లు మారుతూ వదిలేసిన సోఫాలు. అమెరికా సినిమాలకి ఇంటర్వెల్ ఉండదు కదా, ఈయన పెట్టేవారు. హీరో వంతెన మీది నుంచి దూకాడా, సరిగ్గా గాల్లో ఆపేసేవారు. దీపాలు వెలిగేవి. మిరపకాయ బజ్జీల పళ్ళెం వచ్చేది. బజ్జీ చేతికి రావాలంటే ఇకమీదట కథ ఏమవుతుందో ఎవరికి వారు చెప్పాలి. చెప్పనివాడికి బజ్జీ లేదు. "కథ సగం వాడిది, సగం మనది. మన సగం మనం తెచ్చుకోకపోతే వచ్చి కూర్చోవడం దేనికి?" అనేవారు. ఆఫీసుల్లో మీటింగు తర్వాత మీటింగులో తలాడించి వచ్చిన ఇంజనీర్లు మొదట్లో సిగ్గుపడేవారు. నెల తిరిగేసరికి హీరోని ఎవరు చంపాలన్న దాని మీద కొట్టుకునేదాకా వచ్చేవారు. ఒకసారి ఓ కొత్త అల్లుడు ఫోన్‌లో కథంతా చదివేసి, ముగింపు గడగడా అప్పజెప్పాడు. బాబాయ్ అతని ముందున్న పళ్ళెం మెల్లగా లాగేసుకుని, "నీకు కారం పడదులే నాయనా" అన్నారు.

అన్నిటినీ అనుమానించే మనిషి ఆయన. ఉచితంగా వచ్చిన పాప్‌కార్న్‌ని అనుమానించేవారు, పోస్టరులో హీరో వీపు చూపిస్తే అనుమానించేవారు. అన్నిటికన్నా పెద్ద అనుమానం ప్రీక్వెల్ మీద. ఓ సినిమా ఆడేశాక, అందులోని మనుషులకి అంతకుముందు ఏం జరిగిందో చూపిస్తామంటూ తర్వాత తీసే సినిమా అన్నమాట. బాబాయ్ దాన్ని ముందుకథ అనేవారు. "తర్వాతి కథ తీసేవాడు ఆశపోతురా. ముందుకథ తీసేవాడు దొంగ. మనం దాచుకున్నది ఎత్తుకుపోతాడు" అనేవారు. ఇంత చిన్న విషయానికి అంత పెద్ద మాటెందుకో నాకు చాలాకాలం అర్థం కాలేదు.

మాకందరికీ ప్రాణమైన డిటెక్టివ్ సినిమా ఒకటుండేది. అందులో ముసలి డిటెక్టివ్ ఎక్కడ భోజనానికి కూర్చున్నా పక్కన ఇంకో కుర్చీ లాగి ఉంచుతాడు. దాంట్లో ఎవరూ కూర్చోరు. ఎందుకో సినిమా చెప్పదు. అది చచ్చిపోయిన పెళ్ళాం కోసమని పిన్ని. తప్పించుకుపోయిన హంతకుడి కోసమని నేను. అప్పుడే లేఆఫ్ అయిన ఓ ఇంజనీరు, "ఎవరి కోసమూ కాదన్నా, అలిసిపోయి వచ్చేవాడెవడైనా కూర్చుంటాడని" అన్నాడు. ఆ పూట వాణ్ణి ఎవరూ ఆటపట్టించలేదు. నేను కూడా. బాబాయ్ మాత్రం తన మాట చెప్పకుండానే బజ్జీ తినేవారు. "ఇదేం న్యాయం బాబాయ్?" అంటే, "హాలు ఓనరుకి రూల్ లేదురా" అనేవారు.

ఆ సినిమాకి ముందుకథ వస్తోందని తెలిసింది. ఊరుకుంటానా? లోపలి కబురు అంటూ ఆయన చెవిలో ఊదాను. "బాబాయ్, ఆ కుర్చీ కుక్క కోసమట. చిన్నప్పుడు పెంచుకున్న కుక్కట."

"కుక్కా?"

"పక్కనే కూర్చుని అన్నం తినేదట."

ఆయన మొహం చూడాలి మీరు. ఆ సినిమా విడుదలయ్యేదాకా నాతో సరిగా మాట్లాడలేదు, కబురు తెచ్చిన పాపానికి.

అందరం కలిసే థియేటర్‌కి వెళ్ళాం. డిటెక్టివ్ వేషంలో ఎవరో కుర్రాడు, ముసలాయన దగ్గుని కూడా అనుకరిస్తున్నాడు. ఆ పాత కోటు ఎవరిచ్చారో చూపించారు. ఆ దగ్గు ఎలా వచ్చిందో చూపించారు. మెడ మీద గాటు, చేతికర్ర, కాఫీలో ఉప్పు వేసుకోవడం, అన్నీ ఒక్క కేసులోనే అబ్బేశాయి. "మనిషికి అలవాట్లు ఇలా టోకున వస్తాయట్రా?" అని బాబాయ్ నా చెవిలో గొణిగారు. విలన్ ఆ కుర్రాడి కణతకి తుపాకీ పెడితే హాల్లో ఒక్కడు ఉలిక్కిపడితే ఒట్టు. వాడు చావడు కదా! ముసలివాడై పాత సినిమాలో కూర్చుని ఉన్నాడు. చివర్లో కుర్చీ సంగతి. పోలీసు ట్రైనింగులో చనిపోయిన స్నేహితుడట. జుట్టుకి జెల్ రాసుకున్న ఓ అందగాడు వచ్చి ఆ కుర్చీలో కూర్చుని, పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు. వెనక వయొలిన్లు.

పార్కింగ్ లాట్‌లో కారు దాకా నడిచాం. బాబాయ్ నా భుజం మీద చెయ్యి వేసి, "నీ కుక్కే నయంరా" అన్నారు.

దారిలో ఆ ఇంజనీరు కారు నడుపుతూ, "నా సీట్లో ఎవడో కూర్చున్నాడన్నా" అన్నాడు. దానికి బాబాయ్ అన్న మాట ఇప్పటికీ నా దగ్గరుంది. "తలుపు సందులోంచి వెలుగొస్తుంటే లోపల పెళ్ళి జరుగుతోందనుకుంటాం. తలుపు తీసి చూపిస్తే ట్యూబ్‌లైటు."

నేను చదువుకున్నవాణ్ణి కాను కాబట్టి నా లెక్కలో చెబుతాను. కొత్త కథ దొరకనివాడు పాత కథకి పునాది తవ్వుతాడు. ఇల్లు కట్టాక పునాది తవ్వితే ఏమవుతుందో మేస్త్రీని అడగండి. ఆ తర్వాత మా పాత సినిమాని బేస్‌మెంట్‌లో మళ్ళీ వేశాం. ముసలాయన కుర్చీ లాగగానే అందరికీ ఆ జెల్ జుట్టే కనబడింది. ఇంటర్వెల్‌లో చెప్పడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు. బజ్జీలు మిగిలిపోయాయి.

తన విషయంలోనూ ఆయనది అదే పద్ధతి. అమెరికా రాకముందు ఏం చేసేవారని అడిగితే, "చికాగోలో విమానం దిగిన రోజే పుట్టాను. పుట్టగానే ఒంటి మీద కోటుంది" అనేవారు. పిన్నినీ అడిగాను. "నన్ను చేసుకునేనాటికే ఆయన ఇక్కడివాడు. ముందు సంగతి కదిపితే నాకూ ఇంటర్వెలే" అంది. వాళ్ళమ్మాయి చిన్నప్పుడు స్కూల్లో ఫ్యామిలీ ట్రీ గీసుకురమ్మన్నారట. నాన్న వైపు కొమ్మ మీద ఎవరి పేర్లు రాయాలని అడిగితే, ఆయన పెన్సిల్ తీసుకుని ఆ కొమ్మ మీద పిచ్చుకని గీసిచ్చారట. ఇది ఆయనే చెప్పేవారు, మేం పడీపడీ నవ్వేవాళ్ళం.

ఆదివారం మధ్యాహ్నం గుడి వెనక హాల్లో సంస్మరణ పెట్టారు. అక్కడికి డల్లాస్ నుంచి ఒకాయన వచ్చాడు. ఎవరూ పిలవలేదు. చేతికర్ర, మఫ్లరు, బాబాయ్ వయసే. తిన్నగా వాళ్ళమ్మాయి దగ్గరికి వెళ్ళి, "మీ నాన్నా నేనూ విజయనగరంలో ఒకే గదిలో ఉండేవాళ్ళం తల్లీ. వాడి సంగతులు కొన్ని నీకు చెప్పి పోదామని వచ్చాను. సాయంత్రం ఫ్లైట్. ఇంకోసారి ఇంత దూరం రాలేను, డాక్టరు వద్దంటున్నాడు" అన్నాడు. ఆ అమ్మాయి ఆయన మఫ్లరు కొస పట్టుకుని, "ఉండండి, ప్లీజ్, ఇక్కడే ఉండండి, అమ్మని తెస్తాను" అని పరిగెత్తింది.

నాకు ఒళ్ళు మండింది. మా బాబాయ్‌ని 'వాడు' అంటాడా? ఒక ఫొటో లేదు, ఆనవాలు లేదు. పులిహోర మాత్రం రెండోసారి వడ్డించుకున్నాడు. దొంగ స్నేహితుల సంగతి నాకు తెలుసు, నేనే చాలామందికి దొంగ స్నేహితుణ్ణి. పక్కన కూర్చుని ఓ ఎర వేశాను.

"మీ గది కింద సోడా కొట్టు ఉండేదట కదండీ. బాబాయ్ ఎప్పుడూ చెప్పేవారు."

ఆయన నమలడం ఆపాడు. "గది కిందా? మాది రేకుల షెడ్డు బాబూ, కింద నేల తప్ప ఏముంటుంది? వాడు నీకేం చెప్పి ఉండడు. చెప్పే రకం కాదు."

నా గాలం నాకే గుచ్చుకుంది. అయినా వదల్లేదు. "మరి ఇన్నేళ్ళూ ఒక్క ఫోనైనా చెయ్యలేదేం?"

"వద్దన్నాడు."

"వద్దన్నారు కదా! మరి ఇప్పుడెందుకొచ్చారు?"

"పోయినవాడి మీద కూడా అలిగి కూర్చోమంటావా?" అన్నాడు. పళ్ళెం పక్కన పెట్టి మఫ్లరుతో కళ్ళు తుడుచుకున్నాడు. అప్పుడు తట్టింది నాకు. ఈ దేశంలో బాబాయ్‌ని 'వాడు' అనగల మనిషి ఈయన ఒక్కడే. అది తట్టినా నా అనుమానం పోలేదు, రంగు మార్చుకుంది. ఈయన నిజమైనవాడే. అందుకే ఇంకా ప్రమాదం.

అమ్మాయి పిన్నిని తీసుకుని వస్తుంటే అడ్డం వెళ్ళాను. "ఒక్క మాట తల్లీ. మీ నాన్నకి ముందుకథలంటే పడదు. బతికుండగా ఆయన మూతపెట్టి ఉంచింది, పోయాక ఇంకొకరు వచ్చి తెరవడమా? రేపు మనకి బాబాయ్ మిగలరు. ఈయన చెప్పిన మనిషి మిగులుతాడు."

"అంకుల్, ఇది మూవీ కాదు. మై డాడ్."

"అందుకేనమ్మా చెప్పేది."

"మీకు ఆయన ఫుల్ ఉన్నారు. ప్రతి శనివారం చూశారు, యు ఆర్ హ్యాపీ. నాకు స్టార్టింగ్ లేదు." ఆ పిల్లకి తెలుగు మాటలు అంత తొందరగా దొరకవు. వెతుక్కుంటూ నా మొహంలోకే చూస్తోంది. "ఆ బర్డ్ డ్రాయింగ్ ఉంది కదా, మీరందరూ నవ్వుతారు. టీచర్ అడిగింది, హూ ఈజ్ దిస్ అని. నేను చెప్పాను, మా తాత అని. నేను జోక్ చెయ్యలేదు అంకుల్. నాకు తెలీదు."

అడ్డం నుంచి పక్కకి జరిగాను.

"మీకు వినాలని లేకపోతే బయట ఉండండి, ప్లీజ్" అంది, నా చెయ్యి పట్టుకుని. "నేను మీకు ఎప్పటికీ చెప్పను. ప్రామిస్."

జీవితంలో నాకు ఇంత మర్యాద ఎవరూ చెయ్యలేదు. కోటు వేసుకుని బయటికి వచ్చాను.

హాలుకి పార్కింగ్ వైపు గోడంతా అద్దమే. లోపల మాట బయటికి వినబడదు. వినకూడదని వచ్చినవాణ్ణి కళ్ళు కూడా మూసుకోవలసింది, మూసుకోలేదు. ముగ్గురూ దగ్గరగా కూర్చున్నారు. ఆయన చాలాసేపు చెప్పాడు. పిన్ని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, నవ్వుకో ఏడుపుకో తెలియలేదు. తర్వాత ఆయన కర్ర పక్కకి ఆనించి లేచి నిలబడి, రెండు చేతులూ నెత్తి మీదికి ఎత్తి, ఏదో పెద్దది, బరువైనది పట్టుకున్నట్టు వేళ్ళు వంచాడు. అదేమిటో, అది నెత్తికెత్తుకుని బాబాయ్ ఎక్కడికి వెళ్ళేవారో నాకు తెలియదు. ఇక తెలియదు కూడా. వాళ్ళమ్మాయి కూడా లేచింది. చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో సవరించుకుని, తనూ చేతులు నెత్తి మీదికి ఎత్తింది. ఆయన దగ్గరికి వచ్చి ఆ పిల్ల మోచేతులు రెండూ కాస్త ఎడంగా జరిపి, ఇప్పుడు సరిగ్గా ఉందన్నట్టు తల ఊపాడు. తర్వాత ఆయన ముందూ ఆ అమ్మాయి వెనకా, ఆ కనబడని బరువుతో తూలుతూ, హాలు మధ్యలోంచి మెల్లగా నడిచారు. పిన్ని లేచి, గోడకి జరిగి, వాళ్ళకి దారి ఇచ్చింది.