బుడేన్ సాహెబ్ వంకర గోడ

బుడేన్ సాహెబ్ లాంటి మొండిమనిషిని నేను రాయచోటిలో చూడలేదు, కువైట్‌లోనూ చూడలేదు. ఆయన గోడలు కట్టే బేల్దారి. నేను ఇసుకా సిమెంటూ మాలు కలిపి అందించేవాణ్ణి. తూకం గుండు వేలాడదీసి, వెంట్రుకవాసి తేడా కనిపించినా వరుస మొత్తం పీకేసేవాడు. మళ్లీ మాలు కలిపేది ఎవరు? నేనే. ఎన్నిసార్లు తిట్టుకున్నానో!

1981లో, కువైట్‌లో మమ్మల్ని పనికి పెట్టుకున్న కఫీల్ అబూ ఖాలిద్ స్పెయిన్ వెళ్లి, అల్బరాసీన్ అనే చిన్న ఊరి ఫోటోలు తెచ్చాడు. ఒకప్పుడు ముస్లిం దొరలు ఏలిన ఊరట. కొండమీద కోటగోడ, రాతి కమాను ద్వారాలు, ఎర్రమట్టి రంగు ఇళ్లు. ఆ ఇళ్లను చూసి నేను పడీపడీ నవ్వాను. ఒక్కటీ నిటారుగా లేదు. పై అంతస్తులు సందులోకి వంగి ఎదురింటి చూరును తాకబోతున్నాయి. ఆయనకేమో అవే తెగ నచ్చాయి. అర్దియాలోని తన ఇంటి పెరటికి అలాంటి గోడ, మధ్యలో కమాను కావాలన్నాడు.

కువైట్‌లో ఉండటానికి బుడేన్ సాహెబ్‌కు ఇచ్చిన అనుమతి, ఇఖామా, ఆ నెలాఖరుకు ముగుస్తోంది. గోడ నచ్చితే రెండేళ్లు పొడిగిస్తాను, నచ్చకపోతే ఖలాస్, ఊరికి పొమ్మన్నాడు కఫీల్. ఊళ్లో వానల్లేవు, ఇల్లు కట్టించుకునే నాథుడే లేడు. భార్య జుబేదా బీ, ముగ్గురు పిల్లలు ఈయన చేతి పనిమీదే బతకాలి.

కమానూ, సగం గోడా లేచాయి. అబ్బ, ఏం పనితనం! నేనే కట్టినట్టు మురిసిపోయాను. కఫీల్ ఫోటో పక్కన పెట్టి చూసి మొహం మాడ్చుకున్నాడు.

"లా, లా! అంతా సీదా! ఇది జైలు గోడ! శుక్రవారం వస్తాను. ఇట్లాగే ఉంటే ఖలాస్."

"వంకరగా కట్టన్నా, ఏం పోతాది?" అన్నాను.

"నా చేత్తోనా? తాగి కట్టినాడంటారురా!"

నాకు ఒళ్లు మండింది. "అయితే ఆ గుండును పట్టుకోని విమానమెక్కు పో!" అని పార విసిరికొట్టాను. ఆయన ఫోటోలు ముందేసుకుని కూర్చున్నాడు. చానాసేపటికి పిలిచాడు.

"రేయ్ సుబ్బయ్యా, వీళ్లు తాగి కట్టలేదురా. కొండమింద జాగా యాడుండాది? పిల్లోళ్లు పుట్టినారు, ఇంగో అర్ర కావాల్సొచ్చింది, సందులోకి తోసినారు. ఈ గోడ చూడు, బండ అడ్డమొస్తే పక్కకు తిరిగింది. వంకర పోవాలంటే గోడకు ఒక కారణముండాల."

లేచి పెరడంతా తిరిగాడు. మేము కట్టాల్సిన మిగతా సగానికి ఒక రేగుచెట్టు అడ్డముంది. కఫీల్ తల్లి నాటిన చెట్టు అది. మర్నాడు దాన్ని కొట్టేస్తారని ముసలామె అన్నం మానేసింది. బుడేన్ సాహెబ్ ఆ చెట్టు ముందు నిలబడి, "దీన్ని కొట్టొద్దని తోటమాలికి చెప్పు" అన్నాడు.

గుండును జేబులో వేసుకుని, మొదటిసారి కంటిచూపుతో కట్టాడు. గోడ చెట్టుదాకా వచ్చి, చుట్టూ వంపు తిరిగి, కొమ్మ దగ్గర బయటికి ఒరిగి, మళ్లీ దారిన పడింది. ఒరిగిన చోట ఆయన చెయ్యి రెండుసార్లు జేబులోని గుండు దాకా పోయి వెనక్కి రావడం నేను చూశాను. ఆ పూట తిట్టబుద్ధి కాలేదు.

శుక్రవారం కఫీల్ తన తల్లిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. ఆమె వంపును తడుముతూ చెట్టు దగ్గరికి వెళ్లి, గోడకు వీపు ఆనించి నీడలో కూర్చుంది.

"నరకమన్న చెట్టును ఎందుకు ఉంచావు?" అన్నాడు కఫీల్.

"చెట్టు ముందు వచ్చింది బాబా, గోడ తర్వాత" అన్నాడు బుడేన్ సాహెబ్, వచ్చీరాని అరబ్బీలో.

కఫీల్ ఫోటో వైపు చూడనే లేదు. తల్లిని చూస్తూ ఉండిపోయి, "రేపు ఇఖామా కాగితాలు తీసుకురా" అన్నాడు.

ఆయన పోగానే బుడేన్ సాహెబ్ ఇసుకలో కూలబడి పసిపిల్లాడిలా ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, చెప్పుకోవడానికి సిగ్గేమిటి? ఆయనకు రాయడం రాదు. జుబేదా బీకి ఉత్తరం రాయమన్నాడు.

"ఏమని రాయాలన్నా?"

"ఇంగా రెండేండ్లు ఉండమన్నారని రాయి." కళ్లు తుడుచుకున్నాడు. "గోడ వంకరగా కట్టినానని మాత్రం రాయొద్దురా."