సున్నా రాయి దగ్గర సింహాలు

వీధిలో చిన్నాపెద్దా అందరికీ ఆయన లారీ బాబాయే. స్టీరింగు పట్టినన్నాళ్ళూ రాజధానికి సరుకు వేసుకెళ్ళి రావడం ఆయన పని. వచ్చినప్పుడల్లా గుమ్మంలో కూర్చుని కోతలు కోయడం రెండో పని. అన్నిట్లోకీ పెద్ద కోత సున్నా రాయి. దేశంలో రోడ్ల దూరాలన్నీ ఆ రాయి దగ్గర్నుంచే లెక్కపెడతారు.

"రెండంతస్తుల ఎత్తు! చుట్టూ నాలుగు సింహాలు, ఇత్తడి గొలుసులు. దాన్ని ఓసారి తాకితే గానీ బండి వెనక్కి తిప్పను నేను," అనేవాడు. విన్నవాళ్ళు చాటుగా నవ్వుకునేవాళ్ళు. ఆయన భార్య, అంటే పిన్ని, మాత్రం అక్షరం పొల్లుపోకుండా నమ్మింది. ఆయన ఊళ్ళో లేనప్పుడు ఇరుగమ్మకీ పొరుగమ్మకీ తనే చెప్పి మురిసిపోయేది.

తీరా చూస్తే ఆ మహానుభావుడు ఆ రాయిని జన్మలో చూడలేదు. లారీల్ని నగరం లోపలికి రానివ్వరు. ఊరి బయట లారీల అడ్డాలో సరుకు దింపి, అక్కడే పడుకుని, అటునుంచి అటే వచ్చేయడం.

బాబాయి పని మానేశాక పిన్ని ఒకటే పోరు, ఆ రాయి చూపించమని. మోకాలు నొప్పన్నాడు, ఎండలన్నాడు, వానలన్నాడు. సాకులన్నీ అయిపోయాక బస్సెక్కక తప్పలేదు.

నగరంలో దిగగానే బాబాయికి దిక్కు తెలియలేదు. ధీమాగా ఎడమకు నడిచాడు. అటు చేపల మార్కెట్టు వచ్చింది. వెనక్కి తిరిగి కుడికి నడిచాడు. మళ్ళీ అదే మార్కెట్టు, ఈసారి వెనకవైపు.

"ఏవయ్యా, కళ్ళు మూసుకుని వెళ్తానన్నావుగా?"

"రోడ్లు మార్చేశారే, వెధవలు!"

దారినపోయే ఒకాయన పోస్టాఫీసు పక్కన అన్నాడు, ఇంకొకావిడ పార్కు వెనక అంది. తిరిగి తిరిగి చివరికి ఒక బ్యాంకు మూలకు చేరారు. అక్కడ మోకాలెత్తున ఒక రాయి, దాని మీద సున్నా, దానికి ఆనించి ఎవరిదో సైకిలు.

"ఇదేనమ్మా," అన్నాడు బ్యాంకు వాచ్‌మన్.

పిన్ని రాయి చుట్టూ తిరిగింది. "సింహాలేవీ?"

"ఏ సింహాలు?"

"నాలుగు సింహాలు! మా ఆయన కళ్ళారా చూశాడు. ఎవరు పీక్కెళ్ళారు? నువ్విక్కడ కాపలా ఉండి ఏం చేస్తున్నట్టు?"

జనం మూగారు. ఒక ముసలాయన కళ్ళద్దాలు సర్దుకుని, "ఉండేవమ్మా, నా చిన్నప్పుడు ఉండేవి. నాలుగు కాదు, మూడు," అన్నాడు. ఇంకొకాయన గొలుసులు కూడా తనకు గుర్తేనన్నాడు. వాచ్‌మన్ మొహంలో నెత్తురుచుక్క లేదు. "నేను చేరకముందు ఉండేవేమో, నాకు తెలీదమ్మా," అని నసిగాడు.

బాబాయికి బుర్ర తిరిగిపోయింది. తను నోటికొచ్చినట్టు పుట్టించిన సింహాల్ని వీళ్ళెక్కడ చూశారు? నిజంగానే ఉండేవా? గొలుసుల సంగతి తనకెవరైనా చెప్పారా, తనే కల్పించాడా? ఎంత బుర్ర బద్దలుకొట్టుకున్నా తేలలేదు. ఇంతలో పిన్ని, "పోలీసుల్ని పిలవండి," అని గొంతు పెంచింది. వాచ్‌మన్ దండం పెట్టేశాడు.

ఆ దండం చూసి బాబాయి తట్టుకోలేకపోయాడు. "ఒసేయ్, వదిలెయ్. నేనీ రాయిని చూడటం ఇదే మొదటిసారి."

పిన్ని అరుపు ఠక్కున ఆగిపోయింది. ఆయన్ని ఎగాదిగా చూసింది.

"మరి ఇన్నేళ్ళూ రాజధాని రాజధాని అంటూ ఎక్కడికెళ్ళావు?"

ఈ ప్రశ్న వస్తుందని బాబాయి కలలో కూడా అనుకోలేదు. అబద్ధం ఒక్క రాయి గురించే అనుకున్నాడు. ఆవిడ చూపులో మాత్రం తన సంసారమంతా అనుమానంలో పడిపోయింది. అడ్డా గురించి గడగడా చెప్పాడు. ఎంత చెబితే అంత అబద్ధంలా వినిపించింది, ఆయనకే.

"పద, చూపించు," అంది పిన్ని.

సిటీ బస్సులో ఆవిడ వేరే సీట్లో కూర్చుంది. అడ్డాలో దిగాక బాబాయి చూపించబోతే చూపించడానికేముంది? నల్లటి బురద, పాత టైర్లు, మురిక్కాలవ, దాని పక్కన వరసగా లారీలు.

"ఎక్కడ పడుకునేవాడివి?"

"బండి కింద."

"వానొస్తే?"

"అప్పుడూ బండి కిందే."

పిన్ని మోకాళ్ళ మీద వంగి ఒక లారీ కిందకి చూసింది. చాలాసేపు చూసింది. అక్కడ ఒకడు గోనెపట్టా మీద చెయ్యి మొహానికి అడ్డం పెట్టుకుని పడుకునున్నాడు.

"సింహాలని చెప్పావేంటయ్యా మరి?"

బాబాయి చెప్పు కొసతో బురద గీరాడు. ఎందుకు చెప్పాడో ఆయనకీ తెలియదు.

"నిద్ర పట్టేదా నీకిక్కడ?"

"పట్టేది కాదే."

పిన్ని బురదని కూడా చూడకుండా అక్కడే చతికిలబడి ఏడ్చేసింది. నాలుగు తిట్లు తినడానికి సిద్ధపడి వచ్చినవాడికి ఈ ఏడుపేమిటో అర్థం కాలేదు. లేపాలో, తనూ కూర్చోవాలో తెలియక అటూ ఇటూ చూశాడు.

"ఊరుకోవే, అందరూ చూస్తున్నారు."

"చూడనీ," అంది పిన్ని.