నేలవేము కాడలో పసుపు చుక్కలు

బర్మింగ్‌హామ్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉండగా ఒక శాస్త్ర పత్రికలో వ్యాసం చదివాను. నేలవేము మొక్క కాడ లోపల బతికే బాక్టీరియాను కొత్త జాతిగా గుర్తించారట. ప్లేటులోని అగార్ మీద పసుపు చుక్కల్లా మొలిచే కాలనీలు. సరిగ్గా అవే, ముప్పై ఏళ్ళ కిందట మా లాబ్‌లో విజయ అనే రిసెర్చి విద్యార్థిని నాకు చూపించింది. బయటి క్రిములు కలిశాయని, కంటామినేషన్ అని పారేయించాను. ఆమె పరిశోధన మానేసింది. ఇప్పుడు నార్తాంప్టన్‌లో ఆసుపత్రి లాబ్‌లో పని చేస్తోంది. ఫోన్‌లో వ్యాసం సంగతే చెప్పాను; క్షమాపణ ఎదురుగానే చెప్పాలనుకున్నాను. ముప్పై ఏళ్ళ నాటి నా డైరీని మా తమ్ముడి చేత పోస్టులో తెప్పించుకున్నాను.

2006 జూన్, బుధవారం. ఉదయం 9.54కి న్యూ స్ట్రీట్‌లో రైలెక్కాను. తొమ్మిదిన్నర దాటితే టికెట్ చవక. ప్రయాణం గంట, మధ్యలో మారనక్కర్లేదు.

ఎదుటి సీటులోని ఇంగ్లీషు పెద్దావిడ నారు మొక్కలు తీసుకెళ్తోంది. మొక్కల లోపల బతికే బాక్టీరియా సంగతి చెబితే నవ్వింది. “మా తోటలో మొక్క లోపల ఏదైనా ఉందంటే జబ్బు అనుకుంటాం” అంది.

“నేనూ అలాగే అనుకున్నానమ్మా” అన్నాను.

విజయ స్టేషనుకి వచ్చింది. జుట్టు నెరిసింది. “రైలు నాలుగు నిమిషాలు లేటు. అప్పుడే డైరీలో రాసేసుంటారు సార్” అంది. రాసే ఉన్నాను.

వాళ్ళ ఫ్లాట్‌లో పులిహోర తిన్నాక డైరీ తీసి చదివాను. “విజయ మూడోసారి పసుపు కాలనీలు తెచ్చింది. కాడ ఉపరితలం సరిగా కడగలేదు. పారేయమన్నాను.”

ఆమె పళ్ళెం పక్కకి జరిపింది.

“ఆఖరిసారి కడిగిన నీళ్ళు కూడా వేరే ప్లేటులో పోసి పెట్టాను సార్. ఏమీ మొలవలేదు. కాడ పైన ఏమీ మిగల్లేదు, అవి లోపలి నుంచే వచ్చాయనేగా దానర్థం? ఆ ప్లేటు మీ బల్ల మీదే పెట్టాను. మీరు గడియారం చూసుకుని క్లాసుకి వెళ్ళిపోయారు.”

డైరీ మళ్ళీ చూశాను. క్లాసు మొదలైన వేళ ఉంది. ఆ ప్లేటు మాట లేదు.

“తప్పు నాదేనమ్మా. ఈ డైరీ ఆ వ్యాసం రాసినవాళ్ళకి పంపుతాను. ముందు చూసింది నువ్వేనని తెలియాలి.”

“కొత్త జాతికి పేరు పెట్టాలంటే బతికున్న బాక్టీరియా కల్చర్ కావాలి సార్. డైరీ అగార్ మీద మొలవదు” అంటూ కాఫీ కలపడానికి లేచింది. “అయినా మీరు వచ్చారు. చాల్లెండి.”

చాలదని ఇద్దరికీ తెలుసు.

తిరుగు రైలు 3.25కి. రగ్బీ వరకు కిటికీలోంచి పచ్చిక బయళ్ళు చూస్తూ కూర్చున్నాను. నేటి డైరీలో వేళలన్నీ రాశాను. తరవాత పాతది తెరిచి, ఆనాటి పేజీ అడుగున, ఇవాళ్టి తేదీ వేసి రాశాను: “కడుగునీళ్ళ ప్లేటులో ఏమీ మొలవలేదు. విజయ చూపించింది. నేను చూడలేదు.”