మా అమ్మ విడిచిపెట్టిన బానిస

కోత పండుగకు మా చర్చి స్త్రీల సమాజం నాటకం వేయాలనుకుంటే, రాసే పని నా మెడకు చుట్టుకుంది. చుట్టుకుంది అంటున్నాను గానీ నిజానికి నేనే ఎగబడి తీసుకున్నాను. రోమా కాలపు కథ. ధనవంతురాలైన ఒక విశ్వాసి తన బానిసను విడుదల చేస్తుంది. బానిస ఆమె కాళ్ల మీద పడి, "అమ్మా, మీ మేలు మరువలేను, ఈ పాదాలు విడిచి ఎక్కడికీ పోను" అంటుంది. ఆ మాట రాసి నేనే కళ్లు తుడుచుకున్నాను.

యజమానురాలి వేషం మా అమ్మది. పట్టుచీరలు కట్టుకొచ్చే మా వాళ్లలో చిరుగుల బట్ట కట్టడానికి ఎవరూ ముందుకు రాలేదు. దాంతో బానిస వేషం మా ఇంట్లో ఉండే ఆమెకు వచ్చింది. ఏటూరునాగారం వైపు పల్లె నుంచి పన్నెండేళ్ల పిల్లగా వచ్చింది, ఇప్పుడు నలభైకి దగ్గరపడింది. పనిమనిషి అంటే మా అమ్మ ఊరుకోదు, "నా బిడ్డ" అంటుంది. బిడ్డే కాబట్టి జీతం మాట ఎప్పుడూ రాలేదు. కన్నతల్లికి పక్షవాతం వచ్చిందని, ఊరికి పోయి చూసుకుంటానని ఏడాదిగా అడుగుతోంది. మేం కాదనలేదు. పిల్లల పరీక్షలు కానీ అన్నాం, ఎండలు తగ్గనీ అన్నాం, పండుగ కానీ అన్నాం.

చదువు రాదు కనుక, అంట్లు తోముతుంటే పక్కన నిలబడి మాటలు నేర్పాను. రెండు రోజుల్లో నాకంటే బాగా చెప్పింది.

పండుగ రోజు చర్చి నిండిపోయింది. మా అమ్మ చెయ్యెత్తి, "నేటి నుండి నీవు బానిసవు కావు, నీ ఇష్టమైన చోటికి వెళ్లు" అంది. ఆమె మాత్రం నేను రాసినట్టు కాళ్ల మీద పడలేదు. మా అమ్మ ముఖంలోకి కాసేపు చూసింది. నాటకం కోసం పెట్టిన మూట తీసుకుని, వేదిక దిగి, బెంచీల మధ్య నుంచి నడుచుకుంటూ పెద్ద తలుపు దాటి వెళ్లిపోయింది. చప్పట్లు, హల్లెలూయలు మారుమోగాయి. ముగింపు బాగా రాశావని పక్కనున్నామె నా చెయ్యి నొక్కింది. నేనూ చప్పట్లు కొట్టాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, కొట్టాను.

చప్పట్లు ఆగినా ఆమె తిరిగి రాలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను. గేటు బయట ఆమె ఆటో ఆపుతోంది.

"ఏడికి పోతానవే?"

"బస్టాండుకు అక్కా. అమ్మ పొమ్మన్నది గద, అందరి ముంగట."

"అది నాటకమే!"

"నాకెరుకనే అక్కా. గని అమ్మ నోట ఆ మాట మల్ల ఎప్పుడొస్తది?"

మూటలో పాత గుడ్డలు పెట్టమని నేనే చెప్పాను. అందులోంచి ఆమె మంచి చీర అంచు కనబడుతోంది. పొద్దున్నే సర్దుకుందన్నమాట. ఇన్నేళ్లలో ఆమె తల్లి పేరు ఒక్కసారి కూడా అడగలేదని అప్పుడు తట్టింది. క్షమించమనాలి. కనీసం తోడొస్తాననాలి. నోరు తెరిచాను.

"మరి రేపు పొద్దున టిఫిన్?" అన్నాను.

ఆటో వెళ్లిపోయాక గానీ ఆ మాట అన్నది నేనేనని నాకు తెలియలేదు.