ఆగస్టులో చెప్పిన రెండు మాటలు

పెన్సిల్వేనియాలోని ఆ బొగ్గు గనుల ఊళ్లో శనివారం పొద్దున పిల్లల అమెరికన్ ఫుట్‌బాల్ ఆటకి వెళితే, స్కూలు బస్సు నడిపే లొరెట్టా కుజ్మా గ్యాలరీ అట్టడుగు మెట్టు మీద కనిపిస్తుంది. కాఫీ చల్లారిపోతున్నా తాగదు. హెల్మెట్లు ఢీకొన్న చప్పుడుకి అందరూ ఈలలేస్తే ఆమె కళ్లు మూసుకుంటుంది. కిందపడ్డ కొడుకు వేడ్ లేచాడని పక్కావిడ మోచేత్తో పొడిస్తేనే తెరుస్తుంది. ఆ రోజు పక్కావిడ పొడవలేదు. వేడ్ లేచాడు గానీ, తూలుతూ వెళ్లి అవతలి జట్టు పిల్లల మధ్య నిలబడ్డాడు. కోచ్ డ్వేన్ వాణ్ణి పక్కకి తెచ్చి, తలకి దెబ్బ తగిలిందేమో తేల్చడానికి ఐదు మాటలు చదివి వినిపించి, తిరిగి చెప్పమన్నాడు. వాడు రెండే చెప్పాడు.

"ఆటలు మొదలవకముందు, ఆగస్టులో పరీక్ష పెట్టినప్పుడూ రెండే చెప్పాడు లొరెట్టా. తేడా ఏం లేదు, ఆడనీ."

"అప్పుడు కావాలనే తప్పు చెప్పాడు డ్వేన్! రేపు దెబ్బ తగిలినా తేడా కనబడక బయటికి పంపకుండా ఉంటారని పెద్ద పిల్లలు నేర్పారు."

"ఆ వేషాలు అందరూ వేసేవేలే. మేం ఆడలేదా? ఏమైంది మాకు?"

ఆ ఘనకార్యం వేడ్ భోజనాల దగ్గర చెప్పినప్పుడు ఇంటిల్లిపాదీ పడీపడీ నవ్వారు, లొరెట్టాతో సహా. ఇప్పుడు వాడి ముందు మోకాళ్ల మీద కూలబడి, వాడి మొహం రెండు చేతుల్లోకి తీసుకుంది.

"నిజం చెప్పు నాన్నా. గుర్తు లేవా, నాటకమా?"

వాడు కోచ్‌కి వినబడకుండా గొంతు తగ్గించి అడిగాడు:

"ఏమని చెప్పాలనుకున్నాం మమ్మీ?"